పసిపిల్లల వార్డులో వైరస్ నెమ్ము: మందు లేని జబ్బుకు ఆసుపత్రిలో జరిగే వైద్యం

వార్డు సిస్టర్, కాకినాడ

అందరికీ నమస్కారం. నేను చాలా కాలంగా పిల్లల వార్డులో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. వానాకాలం సగం దాటినప్పటి నుంచి సంక్రాంతి వెళ్ళేదాకా మా వార్డు మంచాలు ఎక్కువగా రెండేళ్ళలోపు పిల్లలతోనే నిండుతాయి. దగ్గు, ఆయాసం, పిల్లికూతలు, పాలు పట్టకపోవడం అని చెప్పి చేర్పిస్తారు. వీరిలో చాలామందికి వచ్చేది వైరస్ వల్ల ఊపిరితిత్తుల లోపలి సన్నటి గాలిగొట్టాలు వాచే జబ్బు. కేస్ షీటు మీద డాక్టర్లు బ్రాంకియోలైటిస్ అని రాస్తారు, ఇళ్ళలో మాత్రం అందరూ నెమ్ము అనే అంటారు.

ఈ చర్చ మొదలుపెట్టడానికి కారణం తల్లిదండ్రులు రోజూ అడిగే ఒక ప్రశ్న. "పొద్దుటి నుంచి చూస్తున్నాం సిస్టర్ గారూ, ఒక్క ఇంజెక్షన్ కూడా వేయలేదు, అసలు వైద్యం మొదలుపెట్టారా?" అని అడుగుతారు. వారు ఆ మాట అడుగుతున్న సమయానికి పిల్లవాడి ముక్కు రంధ్రాల దగ్గర ఆక్సిజన్ గొట్టం ఉంటుంది. నిమిషానికి ఒకటి రెండు లీటర్ల చొప్పున ఆక్సిజన్ అందుతూ ఉంటుంది. కాలి బొటనవేలికి చుట్టిన పల్స్ ఆక్సీమీటరు రక్తంలో ఆక్సిజన్ ఎంత శాతం ఉందో అంకె చూపిస్తూ ఉంటుంది. తల్లి పిండి ఇచ్చిన పాలు ముక్కులోంచి పొట్టలోకి వేసిన సన్నటి గొట్టం ద్వారా నెమ్మదిగా దిగుతూ ఉంటాయి. మేము ఊపిరి లెక్కపెట్టి షీటు మీద రాస్తూ ఉంటాం. ఈ జబ్బుకు ప్రపంచంలో ఎక్కడైనా చేసే ప్రధాన వైద్యం ఇదే. ఈ సంగతి ఊళ్ళలో ఎవరికీ తెలియకపోవడం వల్లనే సగం గొడవలు జరుగుతున్నాయని నా అభిప్రాయం. తెలిసినవారు, అనుభవం ఉన్నవారు తప్పక రాయండి.

పాలకొల్లు అమ్మ

సిస్టర్ గారూ, మీ మాట చదివి ఆసుపత్రి వరండాలోంచే రాస్తున్నాను. మా పాపకు నాలుగో నెల. ముందు పెద్దవాడికి బడిలో జలుబు పట్టింది, వాడి నుంచి దీనికి అంటుకుంది. రెండు రోజులు ముక్కు కారి, మూడో రోజుకు డొక్కలు ఎగరేయడం మొదలుపెట్టింది. ఇక్కడ ఒక నర్సింగ్ హోములో చేర్పించాం. చేర్పించిన మరునాటికి తగ్గాల్సింది పోయి ఎక్కువైంది. ఆక్సిజన్ పెట్టారు. ఛాతీ ఎక్స్‌రే అక్కర్లేదన్నారు, యాంటీబయాటిక్ కూడా ఇప్పుడు అవసరం లేదన్నారు. మా అత్తగారు, ఆడపడుచు కలిసి "ఇక్కడ వీళ్ళకు చేతకావడం లేదు, రాజమండ్రికో విజయవాడకో తీసుకుపోదాం" అని పట్టుబడుతున్నారు. చేర్పించాక ఎక్కువ కావడం అంటే వైద్యం సరిగా లేదని కాదా? బండి మాట్లాడమంటారా, ఉండమంటారా? దయచేసి ఎవరైనా చెప్పండి.

పిల్లల వైద్యుడు, కోనసీమ

అమ్మా, పాపను చూడకుండా ఉండమనో వెళ్ళమనో నేను చెప్పడం తగదు. అయితే మీ దగ్గరున్న డాక్టరు గారిని ఏమడగాలో తెలిస్తే ఆ నిర్ణయం మీకు కొంత తేలికవుతుంది కనుక వివరంగా రాస్తున్నాను.

ఈ జబ్బుకు ఒక నడక ఉంది. మొదటి రెండు మూడు రోజులు మామూలు జలుబులాగే ఉంటుంది. తర్వాత వైరస్ కిందికి దిగి సన్నటి గాలిగొట్టాల లోపలి పొరను దెబ్బతీస్తుంది. ఆ పొర వాచి, రాలిన కణాలు కఫంతో కలిసి గొట్టాలకు అడ్డుపడతాయి. జబ్బు మొదలైన మూడో రోజు నుంచి అయిదో రోజు వరకు చాలామంది పిల్లలకు ఆయాసం పతాకస్థాయిలో ఉంటుంది. కాబట్టి మూడో రోజు చేర్పించిన పాపకు నాలుగో రోజు ఎక్కువ కావడానికి జబ్బు నడకే కారణం కావచ్చు, దాన్నిబట్టి వైద్యం తప్పని అనలేం.

పెద్దవాళ్ళకు ఇదే వైరస్ సోకితే నాలుగు తుమ్ములతో పోతుంది, పసిపిల్లలను ఇంతగా ఎందుకు పీడిస్తుందని చాలామంది అడుగుతారు. పెద్ద కాలువలో గుప్పెడు మట్టి పడితే నీరు ఆగదు, అదే మట్టి చేలో బోదెకు అడ్డం పడితే చివరి మడికి చుక్క అందదు. నాలుగు నెలల పిల్ల గాలిగొట్టాలు అంత సన్నవి. దానికి తోడు ఈ వయసు పిల్లలు ఎక్కువగా ముక్కుతోనే ఊపిరి పీలుస్తారు. ముక్కు దిబ్బడ వేస్తే అటు ఊపిరీ ఆడదు, ఇటు పాలూ తాగలేరు.

ఇక పెద్ద ఆసుపత్రికి మార్చే విషయం. ఆక్సిజన్ పెట్టినా అంకె 90 దాటి నిలవకపోతే, మధ్య మధ్య ఊపిరి ఆగుతుంటే, పాప అలిసిపోయి మత్తుగా పడి ఉంటే, అప్పుడు ఎక్కువ వేగంతో వేడి తేమ గాలిని పంపే యంత్రమో వెంటిలేటరో ఉన్న చోటికి వెళ్ళాలి. ఒక హెచ్చరిక తప్పక గుర్తుంచుకోండి. వేగంగా ఎగిరే ఊపిరి ఉన్నట్టుండి నెమ్మదిస్తే, పాప తేటగా కళ్ళు తెరిచి చూస్తోందా లేదా అని చూడాలి. తేటగా ఉంటే అది తగ్గుముఖం. నీరసంగా వాలిపోతుంటే అది అలసట, వెంటనే డాక్టరును పిలవాలి. ఈ లక్షణాలేవీ లేకుండా, పాప ఆక్సిజన్ మీద నిలకడగా ఉంటే, దారిలో ఆక్సిజన్ లేని సొంత కారులో రెండు మూడు గంటలు తిప్పడమే ఎక్కువ ప్రమాదం. మార్చక తప్పదంటే ఆక్సిజన్ ఉన్న అంబులెన్సులోనే, అక్కడ మంచం ఉందని ముందుగా ఫోనులో తెలుసుకున్నాకే కదలండి.

భీమవరం నాన్న

డాక్టరు గారి మీద గౌరవంతోనే నా అభ్యంతరం చెబుతున్నాను. మా బాబుకు ఎనిమిది నెలలప్పుడు ఇలాగే వచ్చింది. మొదట చూపించిన చోట వైరస్ అని చెప్పి ఇంటికి పంపారు. మేము నమ్మకం కుదరక వేరే ఆసుపత్రికి వెళితే వెంటనే చేర్చుకుని, ఎక్స్‌రే తీసి, మచ్చ కనిపిస్తోందని యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. రెండో రోజుకల్లా బాబు కోలుకున్నాడు. వైరసో బ్యాక్టీరియానో ఛాతీ మీద రాసి ఉండదు కదా. తేడా తెలియనప్పుడు మందు వేస్తే పోయేదేముంది? వేయకపోతే ప్రాణం పోవచ్చు. తండ్రిగా నేను మందు వేయించే దారే పడతాను, ఎవరైనా అదే చేస్తారు.

మైక్రోబయాలజీ లెక్చరర్, రాజమహేంద్రవరం

భీమవరం సోదరుడు అడిగింది చాలా సరైన ప్రశ్న. నేను వైద్యుణ్ణి కాను, ఈ క్రిముల గురించి పాఠం చెప్పేవాణ్ణి. అందుచేత ఆ మేరకే రాస్తాను.

ఆసుపత్రిలో చేరేంత తీవ్రమైన న్యుమోనియాకు కారణాలేమిటని బంగ్లాదేశ్, థాయ్‌లాండ్‌తో పాటు ఆఫ్రికాలోని అయిదు దేశాలలో పెద్ద అధ్యయనం చేసి, ఫలితాలను 2019లో ప్రచురించారు. ఎక్స్‌రేలో న్యుమోనియా కనిపించిన పిల్లలలో సుమారు 61 శాతం మందికి వైరస్‌లు, 27 శాతం మందికి బ్యాక్టీరియా కారణమని అందులో తేలింది. ఒక్క ఆర్‌ఎస్‌వీ అనే వైరస్ వాటానే 31 శాతం. అంటే ఎక్స్‌రేలో మచ్చ కనిపించినంత మాత్రాన బ్యాక్టీరియా అనుకోవడానికి లేదు. వైరస్ జబ్బులో కూడా కఫం అడ్డుపడి ఊపిరితిత్తిలో ఒక భాగం ముడుచుకుపోతే ఎక్స్‌రేలో మచ్చలాగే కనిపిస్తుంది. మామూలు బ్రాంకియోలైటిస్‌కు ఎక్స్‌రే తీయవద్దని మార్గదర్శకాలు చెప్పడానికి ఇదొక కారణం.

ఆర్‌ఎస్‌వీ కొత్త వైరస్ కాదు. 1956లో అమెరికాలో ఒక ప్రయోగశాలలోని చింపాంజీలకు జలుబు చేసినప్పుడు మొదటిసారి దొరికింది, మరుసటి ఏడాదే ఆయాసపడే పసిపిల్లలలోనూ కనిపించింది. రెండేళ్ళు నిండేలోగా దాదాపు ప్రతి పిల్లవాడికీ ఒక్కసారైనా సోకుతుంది. 2019 సంవత్సరానికి వేసిన అంచనా ప్రకారం ప్రపంచంలో అయిదేళ్ళలోపు పిల్లలు దీనివల్ల 36 లక్షల సార్లు ఆసుపత్రిలో చేరారు, లక్ష మందికి పైగా మరణించారు. ఆ మరణాలలో 97 శాతం మనలాంటి ఆదాయం తక్కువ, మధ్యస్థంగా ఉన్న దేశాలలోనివే. వైరస్ అన్నిచోట్లా ఒకటే. ఆక్సిజన్ అందే చోట పిల్లలు బతుకుతున్నారు, అందని చోట పోతున్నారు. నన్ను అన్నింటికన్నా బాధపెట్టే లెక్క ఇదే.

ఆర్‌ఎస్‌వీతోపాటు రైనోవైరస్, పారాఇన్‌ఫ్లుయెంజా, అడినోవైరస్, ఇన్‌ఫ్లుయెంజా కూడా ఇదే పని చేస్తాయి. 2025 జనవరిలో కొత్త వైరస్ వచ్చిందంటూ టీవీలలో హడావుడి జరిగిన హెచ్‌ఎంపీవీ కూడా కొత్తదేమీ కాదు, 2001లోనే నెదర్లాండ్స్ పరిశోధకులు గుర్తించారు. దాని వల్ల వచ్చే జబ్బూ, చేసే వైద్యమూ ఆర్‌ఎస్‌వీకి దగ్గరగానే ఉంటాయి.

పిల్లల వైద్యుడు, కోనసీమ

భీమవరం నాన్నగారికి ఒక మాట. మందు వేసిన రెండో రోజుకు బాబు తేరుకున్నాడంటే మందు వల్ల కావచ్చు, జబ్బు మలుపు తిరిగే రోజు అదే కావడం వల్ల కూడా కావచ్చు. అయిదో రోజు ఏ ఆసుపత్రిలో ఉంటే ఆ ఆసుపత్రికి పేరు వస్తుంది. ఇది ఎవరినీ తక్కువ చేయడానికి అనడం లేదు, నా చేతుల మీద తగ్గిన పిల్లలకూ ఇదే వర్తిస్తుంది.

మందు వేస్తే పోయేదేముందని అడిగారు. విరేచనాలు పట్టుకుంటాయి, ఒంటి మీద దద్దుర్లు వస్తాయి, సూది కోసం చిన్న చేతులను పదే పదే పొడవాల్సి వస్తుంది. రేపు నిజంగా అవసరం పడిన రోజు ఆ మందు పనిచేయని బ్యాక్టీరియా తయారవుతుంది. అయితే యాంటీబయాటిక్ ఎప్పుడూ వద్దని నేను అనను. తగ్గిన జ్వరం మళ్ళీ ఎగసినా, పిల్లవాడు విషమంగా కనిపించినా, వెంటిలేటరు మీద ఉన్నా, బ్యాక్టీరియా తోడైందన్న అనుమానంతో మేము వెంటనే మొదలుపెడతాం. నెలలోపు పసికందుకు జ్వరం వచ్చిందంటే లెక్క పూర్తిగా వేరు, అక్కడ ఆగి చూసే పని లేదు. ఇన్‌ఫ్లుయెంజా అని తేలితే దానికి పనిచేసే వైరస్ మందు కూడా ఉంది.

నెబ్యులైజర్ గురించి కూడా ఇక్కడే చెబుతాను. సాల్‌బ్యుటమాల్ ఆవిరి ఉబ్బసానికి బాగా పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడ గాలిగొట్టం చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది. ఈ జబ్బులో అడ్డం పడేది వాపూ కఫమూ కనుక ఆ మందుకు సడలించేది పెద్దగా ఉండదు. గుండె వేగం పెరుగుతుందే గాని ఆసుపత్రిలో ఉండే రోజులు తగ్గవు. స్టెరాయిడ్లదీ అదే తీరు. మందుల షాపులో నెబ్యులైజర్ అద్దెకు తెచ్చి ఇంట్లో పూటకోసారి పెడుతూ, ఆయాసం పెరుగుతున్నా కూర్చునే కుటుంబాలను ప్రతి ఏడాదీ చూస్తున్నాను. ఆ ఆలస్యమే కొంప ముంచుతుంది.

ఆశా కార్యకర్త, లంక గ్రామం

అందరికీ నమస్కారమండీ. మాది గోదావరి మధ్యలో లంక. ఏటి అవతలికి పడవ మీద వెళ్ళి, అక్కడి నుంచి ఆటో పట్టుకుంటే గాని ఆసుపత్రి రాదు. వరద రోజుల్లో రాత్రిపూట పడవ కదలదు. మాకు ఎక్స్‌రే లేదు, పరీక్ష లేదు, మా దగ్గరున్నది గడియారం ఒక్కటే. దానితో మేము చేసేది చెబుతాను.

పిల్లవాడు ఏడుస్తున్నప్పుడు, పాలు తాగుతున్నప్పుడు లెక్కపెట్టకూడదు. తల్లి ఒడిలో నెమ్మదిగా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, పొట్ట ఎన్నిసార్లు లేస్తుందో నిమిషం నిండా చూడాలి. అర నిమిషం చూసి రెండింతలు వేస్తే తప్పు వస్తుంది, ఎందుకంటే పసిపిల్లల ఊపిరి ఒకే తీరుగా నడవదు. రెండు నెలల లోపు పిల్లలకు 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది దాటిన వారికి అయిదేళ్ళ లోపు 40, ఈ అంకె చేరినా దాటినా ఊపిరి వేగంగా ఉన్నట్టు. ఊపిరి పీల్చినప్పుడు పక్కటెముకల కింది భాగం లోపలికి పీక్కుపోతుంటే, పాలు పట్టలేకపోతుంటే, తాగినదంతా కక్కేస్తుంటే, మత్తుగా ఉంటే, ఫిట్స్ వస్తే, పెదవులు నీలిరంగుకు తిరిగితే వెంటనే పంపాలి.

నాకొక సందేహం డాక్టరు గారూ. వేగంగా ఊపిరి తీసే పిల్లలకు అమాక్సిసిలిన్ ఇవ్వాలని మాకు శిక్షణలో చెప్పారు, మా ఏఎన్‌ఎం అమ్మ ఇస్తారు. మీరేమో యాంటీబయాటిక్ అక్కర్లేదంటున్నారు. ఈ మాట ఊళ్ళో చదివితే మా మాట ఎవరు వింటారు?

పిల్లల వైద్యుడు, కోనసీమ

మీరు చేస్తున్నది సరైనదే, దయచేసి అలాగే చేయండి. ఏరు దాటాల్సిన చోట, పరీక్షలు లేని చోట, బ్యాక్టీరియా న్యుమోనియా ఉన్న పిల్లవాడు ఒక్కడు తప్పిపోయినా ప్రాణం పోతుంది. అందుకే అక్కడ వేగమైన ఊపిరినే గుర్తుగా తీసుకుని అమాక్సిసిలిన్ ఇమ్మంటారు. ఆసుపత్రిలో పరిస్థితి వేరు. పిల్లవాడు కళ్ళెదుటే ఉంటాడు, ఆక్సీమీటరు ఉంటుంది, పూటకు రెండుసార్లు స్టెతస్కోపు పెట్టి వింటాం, మనసు మార్చుకోవాల్సి వస్తే గంటలో మార్చుకోగలం. ఆగి చూసే వీలున్న చోట ఆగుతాం, ఆ వీలు లేని చోట మందు ఇచ్చి పంపుతాం. చదివేవారు ఎవరూ ఈ చర్చను చూపించి ఏఎన్‌ఎం ఇచ్చిన మందును మధ్యలో ఆపవద్దు.

వరద హెచ్చరిక వచ్చినప్పుడు దగ్గుతో ఉన్న చంటిపిల్లలున్న ఇళ్ళను ముందుగా గట్టుకు చేర్చమని మీ పంచాయతీలో అడగండి. గర్భిణులను నీళ్ళు రాకముందే తరలించే పద్ధతి ఎటూ ఉంది. ఆయాసపడే పసికందు కూడా అంతే ఆగలేని మనిషి.

రాజోలు తాతయ్య

నాకు డెబ్బయి దాటాయి. మా కాలంలో పిల్లలకు స్నానం కాగానే సాంబ్రాణి పొగ వేసేవారు, కాస్త ఆముదం ముక్కులో చుక్క వేసేవారు, ఛాతీకి కర్పూరం కలిపిన నూనె రాసేవారు. జలుబూ దగ్గూ వచ్చేవి, పోయేవి. ఇప్పుడు ఇవన్నీ మానిపించి ప్రతిదానికీ ఆసుపత్రి అంటున్నారు. మా మనవరాలు తన బిడ్డకు సాంబ్రాణి వేయనివ్వడం లేదు. పెద్దల పద్ధతుల్లో మంచి ఏమీ లేదంటారా? కోపంతో కాదు, తెలుసుకుందామనే అడుగుతున్నాను.

వార్డు సిస్టర్, కాకినాడ

తాతయ్యగారూ, మీ పద్ధతుల్లో మంచిది చాలా ఉంది. బాలింతను ఒక గదిలో ఉంచి, వచ్చేపోయేవారిని పురుడు తీరేదాకా లోపలికి రానివ్వకపోవడం కంటే మంచి జాగ్రత్త ఈ జబ్బుకు ఇంకొకటి లేదు. ఇప్పుడు అది పూర్తిగా పోయింది, పుట్టిన మూడో రోజు నుంచే వీధిలోవారందరూ వచ్చి బుగ్గలు ముద్దాడి పోతున్నారు. తల్లిపాలు తప్ప ఇంకేమీ పట్టకుండా ఆరు నెలలు నిలబెట్టే నాయనమ్మలు ఇప్పటికీ ఉన్నారు, వారికి దండం పెట్టాలి.

పొగ మాత్రం వద్దని గట్టిగా చెబుతాను. సాంబ్రాణి అయినా, దోమలకు వేసే కొబ్బరి పీచు పొగ అయినా, దోమల చుట్ట అయినా, ఇంట్లో కాల్చే చుట్ట బీడీలయినా వాచిన గాలిగొట్టాన్ని ఇంకా రేపుతాయి. కోతలయ్యాక చేలలో గడ్డి తగలబెట్టే రోజుల్లో మా వార్డుకు వచ్చే పిల్లల దగ్గు వింటే మీకే తెలుస్తుంది. ముక్కులో నూనె చుక్క వేస్తే అది జారి ఊపిరితిత్తుల్లోకి దిగి, దానివల్లనే వేరే న్యుమోనియా రావచ్చు. కర్పూరం పసిపిల్లలకు విషం, పొరపాటున నోట్లోకి పోతే ఫిట్స్ వస్తాయి. వాటి బదులు మందుల షాపులో దొరికే ఉప్పునీటి చుక్కలు ముక్కుకు రెండు వైపులా వేసి, పాలు పట్టే ముందు మెత్తగా తుడిస్తే చాలు. స్నానం చేయించి, ఒళ్ళు పొడిగా తుడిచి, వెచ్చగా చుట్టి పడుకోబెడితే మీ మునిమనవడు హాయిగా నిద్రపోతాడు.

పాలకొల్లు అమ్మ

నిన్న డాక్టరు గారు రాసినవి మా వాళ్ళందరికీ చదివి వినిపించి, ఇక్కడి డాక్టరు గారిని అవే అడిగాను. ఆక్సిజన్ మీద అంకె 95 దగ్గర నిలుస్తోందట, ఊపిరి ఆగడం లేదట. అందుకే ఉండిపోయాం. ఈరోజు నుంచి నోటితో పాలు వద్దని ముక్కులోంచి గొట్టం వేశారు. పాప ఆకలికి ఏడుస్తుంటే నా ప్రాణం కొట్టుకుంటోంది. గొట్టంతో పోసే పాలు సరిపోతాయా? సెలైన్ పెట్టమని అడగాలా? నా పాలు ఇంకిపోతాయేమోనని కూడా భయంగా ఉంది.

వార్డు సిస్టర్, కాకినాడ

తల్లీ, నిమిషానికి అరవై డెబ్బయి సార్లు ఊపిరి తీసే పాప పాలు మింగబోతే అవి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. అందుకే గొట్టం వేస్తారు. పొట్ట పనిచేస్తున్నప్పుడు సెలైన్ కన్నా పాలే మేలు, వాటిలో బలం ఉంది, రక్షణ ఉంది. సెలైన్ ఎక్కువైతే ఒంట్లో ఉప్పు తగ్గి ఇంకో చిక్కు వస్తుంది కనుక, పెట్టినా డాక్టర్లు కొలత చూసుకునే పెడతారు.

మీరు చేయాల్సిన పని ఒకటుంది. రెండు మూడు గంటలకొకసారి, రాత్రి కూడా మానకుండా, చేతులు సబ్బుతో కడుక్కుని, శుభ్రమైన స్టీలు గిన్నెలోకి పాలు పిండి సిస్టర్‌కు ఇవ్వండి. పిండుతూ ఉంటే పాలు ఇంకిపోవు. కొంచెం కొంచెంగా, తక్కువ తక్కువగా ఎక్కువసార్లు పోయమని అడగండి, పొట్ట ఉబ్బితే ఆయాసం పెరుగుతుంది. గొట్టంతో పోసేటప్పుడు పాపను మీ ఒళ్ళో తల ఎత్తుగా పెట్టుకోండి. మూత్రం ఎన్నిసార్లు పోసిందో లెక్క రాసుకోండి, ఆరు గంటలు దాటినా బట్ట తడవకపోతే చెప్పండి. వేలికి చుట్టిన తీగ జారినా, కాలు చల్లబడినా, పాప తన్నుకుంటున్నా ఆక్సీమీటరు తప్పు అంకె చూపిస్తుంది. అంకె పడిపోగానే గుండె ఆగినంత పని చేసుకోకుండా ముందు పాప మొహం చూడండి, ఆ వెంటనే మమ్మల్ని పిలవండి.

భీమవరం నాన్న

యాంటీబయాటిక్ సంగతిలో నా మనసు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు, కానీ డాక్టరు గారు ఎప్పుడు వేస్తారో ఎప్పుడు వేయరో చెప్పిన తీరు నచ్చింది. మాకు ఈ మాట ఆసుపత్రిలో ఎవరైనా అయిదు నిమిషాలు కూర్చోబెట్టి చెప్పి ఉంటే అంత తిరిగేవాళ్ళం కాదు. దగ్గు సిరప్ సంగతి కూడా చెప్పండి. వార్తలు చూశాక ఇంట్లో ఉన్న సీసాలన్నీ పారేశాం. ఏడాది దాటిన పిల్లవాడు రాత్రంతా దగ్గుతుంటే మరేం చేయాలి?

పిల్లల వైద్యుడు, కోనసీమ

పారేసి మంచి పని చేశారు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో విషపదార్థం కలిసిన దగ్గు సిరప్ తాగి పిల్లలు కిడ్నీలు చెడి చనిపోయారు. ఆ తర్వాత కేంద్ర ఆరోగ్య శాఖ రెండేళ్ళలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయవద్దని, అయిదేళ్ళలోపు వారికి కూడా సాధారణంగా సిఫారసు చేయదగినవి కావని మళ్ళీ చెప్పింది. జలుబుకు వాడే ఒక జంట మందును నాలుగేళ్ళలోపు పిల్లలకు ఇవ్వకూడదని 2023 డిసెంబరులోనే మందుల నియంత్రణాధికారి ఆదేశించారు. కల్తీ లేని సిరప్ కూడా ఈ వయసులో దగ్గును తగ్గించదు, మత్తు మాత్రం ఇస్తుంది. ఆయాసపడే పిల్లవాడికి మత్తు ఎంత చేటో వేరే చెప్పనక్కర్లేదు.

ఏడాది నిండినవారికి పడుకునే ముందు చెంచాలో సగం తేనె ఇవ్వవచ్చు. ఏడాదిలోపు తేనె నాకించవద్దు, అందులో ఉండే ఒక బ్యాక్టీరియా విత్తనాలు పసిపేగులో మొలకెత్తి నరాలను చచ్చుబరిచే జబ్బు తెస్తాయి. ఆయాసం తగ్గాక కూడా దగ్గు రెండు మూడు వారాలు ఉంటుంది. పాలు తాగుతూ, ఆడుకుంటూ దగ్గితే భయం లేదు.

నెలతక్కువ కవలల తండ్రి, ముమ్మిడివరం

మా కవలలు ఏడో నెలలో పుట్టారు. చాలా రోజులు ఇంక్యుబేటర్‌లో ఉండి ఇంటికి వచ్చారు. ఇలాంటి పిల్లలకు ఈ జబ్బు వస్తే కష్టమని డిశ్చార్జి చేసేటప్పుడు చెప్పారు. దీనికి టీకా ఏదైనా ఉందా?

మైక్రోబయాలజీ లెక్చరర్, రాజమహేంద్రవరం

టీకా కోసం జరిగిన ప్రయత్నం వెనుక ఒక విషాదం ఉంది. 1960లలో అమెరికాలో వైరస్‌ను ఫార్మాలిన్‌తో చంపి తయారుచేసిన టీకాను పసిపిల్లలకు వేసి చూశారు. ఆ తర్వాత అసలు వైరస్ సోకినప్పుడు, టీకా వేసుకున్న పిల్లలలో వ్యాధి సోకినవారిలో సుమారు 80 శాతం మంది ఆసుపత్రి పాలయ్యారు, ఇద్దరు చనిపోయారు. రక్షించాల్సిన టీకాయే జబ్బును తీవ్రం చేసింది. ఆ దెబ్బతో ఈ రంగం దశాబ్దాల పాటు వెనక్కి పోయింది.

తర్వాత దారి మార్చి, తయారుగా ఉన్న యాంటీబాడీని ఇంజెక్షన్‌గా ఇవ్వడం మొదలుపెట్టారు. 1998లో అమెరికాలో అనుమతి పొందిన పాలివిజుమాబ్‌ను నెలనెలా వేయాలి, ఖరీదు చాలా ఎక్కువ. 2022లో ఐరోపాలో, 2023లో అమెరికాలో అనుమతి పొందిన నిర్సెవిమాబ్ ఒక్క మోతాదుతో కనీసం అయిదు నెలలు కాపాడుతుంది. గర్భిణికి చివరి నెలల్లో వేస్తే తల్లి నుంచి బిడ్డకు రక్షణ చేరే టీకాకు కూడా 2023లోనే అనుమతి వచ్చింది. ఈ రెండింటిలో ఏదో ఒకటి అన్ని దేశాలూ ప్రవేశపెట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో సిఫారసు చేసింది. మన ఉచిత టీకాల పట్టికలో ఇవి లేవు. నెల తక్కువగా పుట్టిన మీ పిల్లలకు ఇవి అవసరమా, దొరుకుతాయా అన్నది మీ డాక్టరు గారితోనే మాట్లాడండి.

ఆక్సిజన్ విషయంలో మనం అందుకోగల సంగతి ఒకటి చెబుతాను. ఢాకాలోని ఒక ఆసుపత్రిలో వెంటిలేటర్లు చాలక, షాంపూ సీసాలో నీళ్ళు పోసి, ఆక్సిజన్ గొట్టం రెండో కొస అందులో ముంచి, బుడగల ఒత్తిడితో ఊపిరితిత్తులు ముడుచుకోకుండా నిలబెట్టే పద్ధతిని తయారుచేసుకున్నారు. మామూలు ఆక్సిజన్ ఇచ్చిన పిల్లలలో 15 శాతం మంది చనిపోతే, ఈ పద్ధతిలో 4 శాతం మందే చనిపోయారని 2015లో ప్రచురించారు. శిక్షణ పొందిన డాక్టర్లు, నర్సులు దగ్గరుండి చూసుకున్నందువల్లనే అది సాధ్యమైంది. మన జిల్లాలలోని ఏరియా ఆసుపత్రులలో పిల్లల వార్డుకు ఇలాంటి ఏర్పాటూ, దాన్ని నడిపే నర్సులూ ఉండాలని మనమంతా అడగాలి.

ఆశా కార్యకర్త, లంక గ్రామం

కవలల నాన్నగారూ, పట్టికలో ఉన్నవి ముందు పూర్తిచేయండి. నిమోకోకల్ టీకా 2021 నుంచి దేశమంతటా ఉచితంగా ఇస్తున్నారు. ఆరు వారాలకు, పద్నాలుగు వారాలకు, తొమ్మిదో నెలలో వేస్తారు. అయిదు జబ్బులకు కలిపి వేసే పెంటావాలెంట్‌లో ఉన్న హిబ్ టీకా కూడా న్యుమోనియాకు పనిచేస్తుంది. ఇవి వైరస్‌ను ఆపవు గాని, వైరస్ దెబ్బతీసిన ఊపిరితిత్తి మీద పడే బ్యాక్టీరియాను ఆపుతాయి. నెల తక్కువ పిల్లలకు కూడా పుట్టిన తేదీ నుంచే లెక్కపెట్టి వేయించాలి, బరువు పెరిగాక చూద్దామని వాయిదా వేయవద్దు.

నెలతక్కువ కవలల తండ్రి, ముమ్మిడివరం

ధన్యవాదాలమ్మా. ఒక డోసు మిగిలి ఉంది, ఈ బుధవారమే వేయిస్తాం. ఒకవేళ ఆసుపత్రిలో చేర్పించాల్సి వస్తే, తిరిగి ఇంటికి తీసుకురావడానికి ఏవేవి చూసుకోవాలో కూడా ఎవరైనా చెబుతారా? మేము ఉండేది లోపలి ఊరు, రాత్రిపూట బండి దొరకదు.

పిల్లల వైద్యుడు, కోనసీమ

మూడు విషయాలు చూసుకోండి. ఆక్సిజన్ తీసేశాక, నిద్రలో కూడా కలిపి, అంకె 90 పైన నిలకడగా ఉండాలి. ఎప్పుడూ తాగే పాలలో కనీసం సగానికి పైగా నోటితో తాగాలి. ఆయాసం తగ్గుముఖం పట్టి ఉండాలి. మీలాగా దూరంగా ఉండేవారిని, మూడు నెలలలోపు పిల్లలను, నెల తక్కువ పిల్లలను, గుండె జబ్బు ఉన్నవారిని నేను ఇంకొక రాత్రి ఉంచుకుని పంపుతాను. ఆ సంగతి మీరే అడగవచ్చు, ఏ డాక్టరూ తప్పుపట్టరు. రెండు నెలలలోపు పిల్లలకు, నెల తక్కువ వారికి దగ్గూ ఆయాసమూ ఏమీ లేకుండానే ఊపిరి ఆగడం మొదటి లక్షణంగా రావచ్చు. పాలు మానేసి, రంగు మారి, ఒళ్ళు వదిలేసినట్టు కనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా 108కు ఫోను చేయండి.

వార్డు సిస్టర్, కాకినాడ

దానికి నేనొకటి కలుపుతాను. ఈ వైరస్ మంచం కమ్మీ మీద, సెల్‌ఫోను మీద కొన్ని గంటలు బతికి ఉంటుంది. ఒక మంచం పిల్లవాణ్ణి ముట్టుకున్న చేత్తో ఇంకో మంచం పిల్లవాణ్ణి ముద్దు చేయవద్దు. చూడటానికి వచ్చే బంధువులలో జలుబు ఉన్నవారిని గుమ్మం దగ్గరే ఆపండి. మేము ఆపితే కోపగించుకుంటారు, మీరు ఆపితే వింటారు. కవలల్లో ఒకరికి జబ్బు చేస్తే రెండోవారిని వేరే గదిలో, వేరే మనిషి చేతిలో ఉంచండి. ఇద్దరికీ పాలిచ్చే తల్లి మాత్రం ప్రతిసారీ చేతులు కడుక్కుని, ముక్కూ నోరూ గుడ్డతో కట్టుకుని ఇవ్వాలి. పాలు మాత్రం ఎవరికీ ఆపవద్దు.